దుప్పి చెవిలో పిడుదులు

మా తోడికోడలికి కుడిచేతి బొటనవేలి గోరు ఒక్కటే పొడుగ్గా ఉండేది. మిగతా గోళ్లన్నీ వేళ్ల అంచుకు సమంగా కత్తిరించుకునేది. ఈ ఒక్కదాన్ని మాత్రం పెంచి, అరగదీసి, చివర గరిటె అంచులా కాస్త వంపు తెచ్చి పెట్టుకుంది. ఇంట్లో అందరం దాన్ని సోకు కింద జమకట్టాం. పెళ్లినాడు కూడా అద్దం ముందు సరిగ్గా నిలబడని మనిషికి ఈ వయసులో ఒక్క వేలి మీద సోకు ఎందుకు పుట్టిందా అని చాలాకాలం ఆలోచించాను. అడిగాను కూడా.

"ఉండనీ అక్కా, నిన్నేం గుచ్చట్లేదు కదా" అంది.

ఆవిడ నా మరిది భార్య. మా రెండిళ్లకీ మధ్య గోడ ఒక్కటే. ఆ గోడలో, రెండు వంటిళ్లకూ కలిపి ఒక చిన్న కిటికీ ఉంది. అగ్గిపెట్టె, పంచదార, వీధిలో కబుర్లు అన్నీ అందులోంచే అటూ ఇటూ తిరిగేవి. కబుర్లు మాత్రం ఎక్కువగా ఇటునుంచి అటే వెళ్లేవి. ఆవిడ మాట్లాడడంలో పొదుపరి. మాట బయటికి తీయాలంటే నాకు తలప్రాణం తోకకొచ్చేది. అయినా నేను మానలేదు, ఆవిడా మారలేదు. అలాగే ఇద్దరికీ జుట్టు నెరిసింది.

మా మామగారు మంచాన పడ్డప్పుడు చూసుకున్నది ఆవిడే. ఆయన కోపం మామూలు కోపం కాదు. పక్క సర్దితే కోపం, సర్దకపోతే కోపం, ఎవరైనా ఎలా ఉన్నారని అడిగితే మహా కోపం. నేను పెద్దకోడల్ని. నేనిచ్చిన గ్లాసు గోడకు తగిలేది, ఆవిడిచ్చిన గ్లాసు ఆయన నోటికి చేరేది. ఎందుకో ఎవరికీ తెలియదు. ఆవిడ ఆయన్ని బతిమాలేదీ కాదు, ముద్దు చేసేదీ కాదు. "తాగండి మామయ్యగారూ, నాకింకా గిన్నెలున్నాయి" అనేది. ఆయన తాగేవారు.

ఆయన పోయాక మేమందరం ఏడ్చి, లేచి, ఎవరి పనుల్లో వాళ్లం పడ్డాం. ఆవిడ ఏడవలేదు. కానీ చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియనట్టు కొన్నాళ్లు ఇల్లంతా తిరిగింది. తుడిచిన బల్లే తుడిచేది, మడిచిన దుప్పటే మళ్లీ మడిచేది. ఆ తర్వాత ఒకరోజు మా వీధి చివరనున్న జింకల పార్కుకు వెళ్లి, అక్కడ ఆకులు ఊడ్చే పనిలో చేరిపోయింది. చేరాకే మాకు చెప్పింది.

పార్కంటే పెద్దదేమీ కాదు. నడక దారి, కొన్ని బల్లలు, వెనక కొండవైపు వరకూ పెద్ద ఇనుప కంచె, కంచెలోపల జింకలు. ఆవిడ పని కంచె బయట. లోపలి పని కాపలా ఆయనది. జింకలు వచ్చినప్పుడు కొన్నే ఉండేవట. అవి పెరిగాయి కానీ కంచె పెరగలేదు. ఈ మధ్య వానలకు లోపల గడ్డి మోకాళ్లదాకా లేచింది. కోసే మిషను పాడై మూల కూర్చుంది.

ఆ మందలో ఒక ముసలి దుప్పి ఉంది. దాని ఎడమ కొమ్ము ఏటేటా రాలిపోయి మళ్లీ వంకరగానే మొలిచేది. ఎవరూ దగ్గరకు పోకూడదు. ఒకసారి కాపలా ఆయన్ని వెనకనుంచి పొడిచి నీళ్లతొట్టిలో కూర్చోబెట్టింది. అప్పటినుంచి ఆయన మేత కంచె పైనుంచి విసిరేసి, అటు చూడకుండా వెళ్లిపోయేవాడు.

చేరిన కొత్తలోనే ఆవిడ కిటికీ దగ్గరకొచ్చి, ఎన్నడూ లేనిది, తనంతట తానే ఒక కబురు చెప్పింది.

"అక్కా, అక్కడో దుప్పి ఉంది. మొహం అచ్చం మామయ్యగారిదే."

"ఎవరి మామయ్యగారు?"

"మన మామయ్యగారే. ఆ చూపు, ఆ మూతి ముడుచుకోడం. గడ్డి ముందు పెడితే నన్నే తప్పుపట్టినట్టు చూస్తున్నారు."

అప్పటికే 'చూస్తున్నారు' అంది. ఇక అది స్థిరపడిపోయింది. సాయంత్రం ఇంటికొచ్చి "మామయ్యగారు ఇవాళ ఏమీ ముట్టలేదు" అనేది. "మామయ్యగారు చిన్నవాటిని తొట్టి దగ్గరకు రానివ్వట్లేదు" అనేది. మా మరిదికి ఒళ్లు మండింది.

"మా నాన్నని జింకని చేశావా?"

"జింక కాదండీ, దుప్పి."

దానికి అతను నావైపు చూశాడు. నేను మాత్రం ఏం చెబుతాను? కొన్నాళ్లకు నేనే కిటికీలోంచి "ఎలా ఉన్నారు?" అని అడగడం మొదలుపెట్టాను. ఎవరని ఆవిడ అడిగేది కాదు. కంచె బయట నిలబడి ఆ దుప్పితో నాలుగు మాటలు చెప్పుకుంటోంది, పోనీలే, మనిషికి ఆ మాత్రం ఉండాలి అనుకున్నాం. కంచె బయటే అనుకున్నాం.

వానలు తగ్గుముఖం పట్టిన రోజుల్లో ఆవిడకు తలనొప్పి పట్టుకుంది. తలకు గుడ్డ కట్టుకుని పనికి వెళ్లింది. మర్నాడు చలి, ఒళ్లు నొప్పులు. మంచం మీద దుప్పట్లన్నీ కప్పినా పళ్లు టకటకా కొట్టుకుంటున్నాయి. మా మరిది మందుల షాపునుంచి జ్వరం మాత్రలు తెచ్చాడు. వేసుకున్నప్పుడు జ్వరం తగ్గేది, మాత్ర అరిగాక రెట్టింపై వచ్చేది. నీళ్లు తాగడానికి కూడా తల ఎత్తలేని స్థితి వచ్చాక ఆసుపత్రిలో చేర్చాం.

అక్కడి డాక్టరమ్మ చిన్న పిల్ల. మా పెద్దమ్మాయి కంటే చిన్నది. కానీ ప్రశ్నలు అడగడంలో నన్ను మించిన మనిషిని మొదటిసారి చూశాను. నాకు వెంటనే నచ్చింది. ఏ నీళ్లు తాగుతారు, ఏ ఊరెళ్లొచ్చారు, ఇంట్లో ఇంకెవరికైనా జ్వరముందా, కుక్కని పెంచుతున్నారా, పశువులున్నాయా, ఏ పురుగైనా కుట్టిందా, అడవివైపు ఏమైనా వెళ్లారా. అన్నిటికీ మా తోడికోడలు కళ్లు మూసుకునే "లేదు" అంది.

"ఏం పని చేస్తారమ్మా?"

"ఆకులు ఊడుస్తాను. పార్కులో."

"జింకల పార్కా? జింకల్ని ముట్టుకుంటారా?"

"కంచె బయటే."

డాక్టరమ్మ ఆ మాటే మళ్లీ అడిగింది. మళ్లీ అదే జవాబు వచ్చింది. రోగి కాదన్నదాన్ని డాక్టరు ఎక్కడినుంచి తెస్తుంది? మామూలుగా వచ్చే జ్వరాలకన్నిటికీ పరీక్షలు చేయించింది. ఒక్కటీ దొరకలేదు. ఒక ఇంజెక్షను మొదలుపెట్టింది, అది పనిచేయలేదు. రక్తంలో ప్లేట్‌లెట్లు పడిపోతున్నాయి, తెల్లకణాలు పడిపోతున్నాయి, కాలేయం వాచింది. కళ్లలో పసుపు రంగు దిగింది.

"ఇలాగే ఉంటే పెద్దాసుపత్రికి పంపాలి" అంది డాక్టరమ్మ వరండాలో, మా ఇద్దరితో. "పంపినా, ఏం వెతకాలో తెలియకుండా వెతకడమే. ఇంకా ఆలస్యమైతే చెప్పలేను."

మా మరిది 'చెప్పలేను' అంటే ఏమిటని నన్నడిగాడు. చెప్పకూడనిదని చెప్పాను.

ఆ రోజు మధ్యాహ్నం ఆవిడకు సంధి మాటలు మొదలయ్యాయి. కళ్లు సగం తెరిచి, గాలిలో చేతులు కదిలిస్తూ గొణుగుతోంది.

"తల ఇటు తిప్పండి మామయ్యగారూ. కదలకండి. ఇంకొక్కటే ఉంది. చెవి లోపల."

మా మరిది మంచం పట్టె పట్టుకుని నిలబడ్డాడు.

"వదినా, నాన్న వచ్చేశాడు. దాన్ని తీసుకుపోవడానికి వచ్చాడు."

"మీ నాన్న ఏనాడైనా ఒక పనికి తనంతట తాను వచ్చిన మనిషేనా అబ్బాయ్? అది దుప్పితో మాట్లాడుతోంది. నువ్వు కూర్చో."

"మరి ఇంకొక్కటే ఉందంటుందేమిటి?"

అది నేనూ గమనించాను. గొణుగుతూనే ఆవిడ రెండు బొటనవేళ్లనూ ఒకదానికొకటి ఆనించి నొక్కుతోంది. దేన్నో చిదుముతున్నట్టుగా. చేతులు పట్టుకుని ఆపుదామని వంగాను. అప్పుడు చూశాను, గోరు లేదు. కుడిచేతి బొటనవేలి గోరు. అరగదీసి వంపు తెచ్చుకుని ఇన్నాళ్లూ కంటికి రెప్పలా చూసుకున్న గోరును మాంసం దాకా అడ్డదిడ్డంగా కత్తిరించేసింది.

నీళ్లగ్లాసు ఎత్తలేని మనిషి జ్వరంలో కూర్చుని గోరు కత్తిరించుకోవడమేమిటి? అదీ ఒక్కటే. మనిషి దాస్తే ఏదైనా వస్తువు దాస్తుంది. ఈవిడ తన వేలినే దాచింది. ఇక నేను అక్కడ కూర్చోలేకపోయాను. మరిదికి టీ తెచ్చుకోమని చెప్పి, చెప్పులేసుకుని, జింకల పార్కుకు వెళ్లాను.

కాపలా ఆయన మేత గది ముందు స్టూలు మీద కూర్చుని ఉన్నాడు. నన్ను చూడగానే లేచి, చేయడానికేమీ లేక మళ్లీ కూర్చున్నాడు.

"ఎలా ఉందమ్మా ఆవిడకి?"

"బాగాలేదు. గోరు సంగతి చెప్పు."

"ఏ గోరు?"

"కుడిచేతి బొటనవేలిది. కంచె బయట ఆకులూడ్చే మనిషికి చివర వంపు తిరిగిన గోరు దేనికి?"

"నాకేం తెలుసమ్మా, ఆడవాళ్లు ఏవేవో పెంచుకుంటారు."

"సరే. నీకు తెలియదు. తెలియని మనిషివి అటు తిరిగి కూర్చోడమెందుకు? ఇటు చూసి చెప్పు నాకు తెలియదని."

ఆయన ఇటు తిరగలేదు. కాసేపు మేత గది తలుపును చూశాడు.

"తాళంచెవి నేనే ఇచ్చాను" అన్నాడు చివరికి. "ఆ ముసలిదాని దగ్గరికి నేను పోలేను. చెవుల నిండా పిడుదులమ్మా. తల విదిలించుకుంటూ కంచెకేసి కొట్టుకునేది. చూడలేక ఆవిడ ఒకరోజు లోపలికెళ్తానంది. పొడుస్తుందంటే, పొడిస్తే పొడవనీ అంది. వెళ్లి పక్కన కూర్చుంది. ఏం చెప్పిందో, అది తల తెచ్చి ఆవిడ ఒళ్లో పెట్టింది."

పిడుదంటే పశువుల చెవుల్లోనూ, కుక్కల మెడ కిందా పట్టుకుని వేలాడే పురుగు. నువ్వుగింజంత వస్తుంది, రక్తం తాగి శనగగింజంత అవుతుంది. అప్పుడుగాని ఊడిపడదు.

"ముందు కాస్త నూనె రాసేది" అన్నాడు కాపలా ఆయన. "తర్వాత ఆ గోరును పిడుదు కిందకు పోనిచ్చి పైకి లేపేది. లేచినదాన్ని రెండు బొటనవేళ్ల గోళ్ల మధ్య పెట్టి టప్పుమనిపించేది. తొడుగులు వేసుకోమంటే ఆ రబ్బరు వాసన ఆయనకు పడదు అనేది. రోజూ అదే పని. వానలకు గడ్డి లేచాక మరీ ఎక్కువయ్యాయి. సాయంత్రానికి ఆ గోరు ఎర్రగా ఉండేది."

"మరి ఆసుపత్రిలో ఎందుకు చెప్పట్లేదు?"

ఆయన మళ్లీ తలుపు చూశాడు.

"ఇంకో ఊరి పార్కులో ఇలాగే పనివాడికి జ్వరం వచ్చిందట. పైవాళ్లు వచ్చి పరీక్షలు చేసి, ముసలి జింకలన్నిటినీ బండెక్కించుకుపోయారు. ఎక్కడికో ఎవరికీ చెప్పలేదు. నేనే ఆవిడకి చెప్పాను."

"ఎప్పుడు చెప్పావు?"

"తలకు గుడ్డ కట్టుకుని వచ్చిందే, ఆ రోజు."

ఆ రోజే గోరు పోయిందన్నమాట. నేను ఆయన్ని ఇంకేమీ అనలేదు. అనడానికి చాలా ఉంది కానీ, ఆసుపత్రికి వెళ్లే బస్సు వచ్చేసింది.

తిరిగొచ్చేసరికి ఆవిడకు కాస్త తెలివి ఉంది. మా మరిదిని పండ్లు తెమ్మని బయటకు పంపి, మంచం పక్కన కూర్చుని, ఆవిడ చెయ్యి పట్టుకుని ఆ బొటనవేలిని ఆవిడ కళ్ల ముందే పెట్టాను.

"చూశావా?" అంది.

"చూశాను. పార్కుకి కూడా వెళ్లొచ్చాను."

ఆవిడ కళ్లు మూసుకుంది. మూసుకునే మాట్లాడింది.

"చెప్పకు అక్కా. తీసుకుపోయి చంపేస్తారు. ముసలాయన. ఆయనేం చేశారు?"

"నువ్వు పోతావే."

"పోతే పోతాను."

"అదేదో పక్కింటికి పోతానన్నంత తేలిగ్గా చెప్తున్నావే. నీ మొగుడు అక్కడ పండ్లు ఏరుతున్నాడు."

"చెప్పావంటే జన్మలో నీ గడప తొక్కను."

"బతికుంటే కదా తొక్కడమో మానడమో" అన్నాను. లేచి డాక్టరమ్మ గదికి వెళ్లాను.

చెప్పాను. గోరు, నూనె, ఒళ్లో తల, అన్నీ చెప్పాను. డాక్టరమ్మ నన్ను మధ్యలో ఆపలేదు. అబద్ధం చెప్పినందుకు రోగి మీద విసుక్కోనూలేదు. నర్సును పిలిచి నేరుగా మంచం దగ్గరకు వచ్చి, జుట్టు పాయలు తీసి, చెవుల వెనక, చంకల్లో, మోకాళ్ల వెనక వెతికింది. నడుము దగ్గర బట్ట బిగించుకునే చోట చిన్న నల్లటి మచ్చ కనిపించింది. పిడుదు పట్టుకుని వదిలిన చోటు. మా తోడికోడలికే తెలియదు. దుప్పి చెవిలోవి వెతుక్కుంటూ తన నడుము మీదిది చూసుకోలేదు.

"పిడుదు కరిస్తే వచ్చే జ్వరాల్లో ఒకటి అయ్యుండొచ్చు" అంది డాక్టరమ్మ. "దాని ఒంట్లో ఉండే క్రిమి మన రక్తంలోకి వస్తుంది. ఎక్కువగా కరిస్తేనే వస్తుంది. గోళ్లతో చిదిమినా మంచిది కాదు, వేళ్ల పగుళ్లలోంచి లోపలికి పోతుంది. ఇదివరకు జంతువుల్లోనే ఉంటుందని అనుకునేవాళ్లం. ఈమధ్య మనుషుల్లోనూ అక్కడొకటీ ఇక్కడొకటీ కనిపిస్తోంది."

"రక్తంలో ఎక్కడుంటుంది?"

"తెల్లకణాల లోపల."

"రోగాన్ని పట్టుకునేవి అవేనంటారు కదా?"

"అవే."

అంటే దొంగ వెళ్లి పోలీస్ స్టేషన్లోనే గది అద్దెకు తీసుకున్నాడన్నమాట. అలా అయితే ఎవరికి దొరుకుతాడు?

పరీక్షకు రక్తం దూరంగా ఉన్న పెద్ద లేబొరేటరీకి పంపాలట. జవాబు వచ్చేదాకా ఆగితే మనిషి ఆగదని, డాక్టరమ్మ అప్పటికప్పుడే మందు మార్చింది. కొత్త మందేమీ కాదు, పాత మాత్రే. ఇంతవరకూ ఇచ్చిన ఇంజెక్షను ఈ క్రిమిని ఏమీ చేయలేదని, ఈ మాత్ర చేయగలదని చెప్పింది. గ్లాసు నిండా నీళ్లతో మింగాలి, మింగాక కాసేపు పడుకోకూడదు. కూర్చోలేని మనిషిని ఒకవైపు మా మరిది, ఒకవైపు నేను పట్టుకుని కూర్చోబెట్టాం. ఆవిడ నావైపు ఒరగకుండా మొగుడి వైపే ఒరిగింది.

ఆ రాత్రీ మర్నాడూ ఎలా గడిచాయో చెప్పడానికేమీ లేదు. నర్సు వచ్చి జ్వరం చూసేది, మేం నర్సు మొహం చూసేవాళ్లం. మా మరిది వాళ్ల నాన్నకు మనసులోనే ఏదో చెప్పుకుంటున్నాడు. ఏమిటని అడిగితే, "కాస్త ఆగమని" అన్నాడు.

ఆ మర్నాడు సాయంత్రం జ్వరం దిగింది. దిగి మళ్లీ ఎక్కలేదు. పొద్దున్నే ఆవిడ కళ్లు తెరిచి మొగుణ్ని టీ అడిగింది. నన్ను చూసి గోడవైపు తిరిగి పడుకుంది. అప్పుడు నాకు ధైర్యం వచ్చింది. పోయే మనిషికి అంత కోపం ఉండదు.

ఇంటికొచ్చాక వంటింటి కిటికీ మూసేసింది. మూయడమే కాదు, అవతలనుంచి గడియ కొత్తది వేయించింది. ఏదైనా చెప్పాల్సి వస్తే, నేను ఎదురుగా ఉండగానే మొగుడితో చెప్పేది.

"ఏవండీ, ఆవిడ గిన్నె మన దగ్గరుండిపోయింది, తీసుకెళ్లమనండి."

"వదినా, గిన్నె..." అనేవాడు మా మరిది.

"వినబడింది నాయనా" అనేదాన్ని.

ఈలోగా లేబొరేటరీ నుంచి జవాబు వచ్చింది. డాక్టరమ్మ అనుకున్నదే. ఆసుపత్రివాళ్లు పైవాళ్లకు చెప్పారు, పైవాళ్లు పార్కుకు మనుషుల్ని పంపారు. వాళ్లు తెల్లటి పొడుగు బూట్లు తొడుక్కుని, కర్రకు కట్టిన తెల్లటి దుప్పటి ఒకటి గడ్డి మీద ఈడ్చుకుంటూ తిరిగారు. వీధి వీధంతా కంచె దగ్గర చేరింది. దుప్పటి ఆరేస్తున్నారని ఒకరు, మురికి చేస్తున్నారని ఒకరు. నేను వెళ్లి వాళ్లతో వచ్చిన పశువుల డాక్టర్ని అడిగాను.

"పిడుదులు గడ్డి కొసన ముందుకాళ్లు చాపుకుని కూర్చుంటాయమ్మా. ఏదైనా రాసుకుంటూ పోతే పట్టుకుంటాయి. ఈ గుడ్డ పోతుంటే జంతువే అనుకుని ఎక్కేస్తాయి."

బస్సు ఆపడానికి చెయ్యెత్తి నిలబడే మనుషుల్లాగే ఉన్నాయి అవీ. ఆయన గుడ్డ తిప్పి చూపించాడు. మిరియాలు చల్లినట్టున్నాయి, కదులుతున్నాయి. చూస్తున్న జనం ఒక్కసారిగా ఎవరి కాళ్లు వాళ్లు తడుముకున్నారు.

జింకల రక్తం కూడా తీశారు. చాలావాటిలో ఆ క్రిమి దొరికింది. ముసలి దుప్పిలోనూ దొరికింది. అయినా ఆయనకు జబ్బేమీ లేదు. తింటున్నాడు, తోస్తున్నాడు. జింకలు ఆ క్రిమిని మోసుకు తిరుగుతాయే తప్ప చాలాసార్లు వాటికి జబ్బు చేయదట. తప్పు వాటిది కాదని, ఇంత చిన్న కంచెలో అంత మంద, అంత గడ్డి ఉంటే పిడుదులకు పండగేనని పశువుల డాక్టరు పార్కు ఆఫీసరుకు అందరి ముందే చెప్పాడు. ఆఫీసరు గడ్డి వైపు ఇప్పుడే మొలిచినట్టు చూశాడు.

గడ్డి కోయించారు. కాపలా ఆయన్ని గట్టిగా మందలించి మరో పనికి మార్చారు. మా తోడికోడలి పని పోలేదు కానీ కంచె గేటుకు కొత్త తాళం పడింది. మందను తగ్గించాలని, ముసలివాటిని కొండ అవతల మనుషులు రాని పెద్ద ఆవరణకు పంపాలని నిర్ణయించారు. ముసలి దుప్పి పేరు అందులో మొదటిది.

ఆ ఆవరణ ఎక్కడుంది, అక్కడ మేత ఎవరు వేస్తారు, నీడ ఉందా, పిడుదులకు మందు ఎలా వేస్తారు, చంపరు కదా, చంపబోమని మీరు చెప్పగలరా, అన్నీ పశువుల డాక్టర్ని అడిగాను. "చంపం అమ్మా, వీపు మీద మందు పోస్తాం, అంతే. కావాలంటే మీరే వచ్చి చూడండి" అన్నాడు విసుక్కోకుండా. ఇంటికొచ్చి ఆ సమాధానాలన్నీ మూసిన కిటికీ పక్కన నిలబడి మా ఆయనతో గట్టిగా చెప్పాను.

"నాకెందుకే ఇవన్నీ?" అన్నాడు మా ఆయన.

"మీక్కాదు, ఊరుకోండి" అన్నాను. అవతల గిన్నెల చప్పుడు ఆగిపోయి, నేను చెప్పడం అయ్యాక మళ్లీ మొదలైంది.

బండి వచ్చిన రోజు ఆవిడ పొద్దున్నే వెళ్లి కంచె బయట ఊడుస్తోంది. ఒళ్లు ఇంకా పూర్తిగా కోలుకోలేదు, చీపురు పట్టుకుంటే భుజాలు వణుకుతున్నాయి. నేనూ వెళ్లాను. ఆవిడకు దూరంగా నిలబడ్డాను, కానీ మరీ దూరంగా కాదు.

బండి వెనక చెక్క పెట్టె తెరిచి, లోపల మేత పెట్టారు. దుప్పి పెట్టె వైపు చూశాడు, మేత వైపు చూశాడు, మూతి ముడుచుకుని కదలకుండా నిలబడ్డాడు. తాడు వేయబోయిన మనిషి తోపు తిని కింద పడ్డాడు. పశువుల డాక్టరు దూరంగా నిలబడి ఆలోచిస్తున్నాడు. మత్తు సూది వేయొచ్చు కానీ ముసలి గుండె అన్నాడు.

మా తోడికోడలు ఊడ్చిన చోటే ఊడుస్తూ, గొంతు పెంచకుండా, కంచెలోంచి చెప్పింది.

"ఎక్కండి మామయ్యగారూ. వాళ్లు ఎండలో నిలబడ్డారు."

అందరూ ఆవిడవైపు, తర్వాత దుప్పి వైపు చూశారు. ఆయన చెవి ఒకటి ఇటు తిప్పాడు. అంతే. ఎక్కలేదు. బతికుండగా మా మామగారు మాత్రం చెప్పిన మాట విన్నదెప్పుడు? గ్లాసు ఒక్కటే తీసుకునేవారు.

చివరికి మత్తు సూదే వేశారు. కాళ్లు మడతపడి మెల్లిగా కూలిపోయాడు. ఆవిడ చీపురు ఆగింది. పశువుల డాక్టరు గుండె మీద చెయ్యి వేసి చూసి, బాగానే కొట్టుకుంటోందని తలెత్తి ఎవరికో అన్నట్టుగా గట్టిగా చెప్పాడు. చీపురు మళ్లీ కదిలింది. అంతా కలిసి పలక మీద మోసి పెట్టెలో పడుకోబెట్టారు. డాక్టరు తొడుగుల చేతులతో, సన్నటి పట్టకారుతో చెవుల్లోవి ఒక్కొక్కటే నిటారుగా లాగి సీసాలో వేస్తున్నాడు.

"ఎడమ చెవి మడత లోపల చూడండి" అంది మా తోడికోడలు. "అక్కడ దాక్కుంటాయి."

ఆయన అక్కడ చూశాడు. దొరికినవి సీసాలో వేశాడు. ఆవిడ కంచె పట్టుకుని ఆ పట్టకారునే చూస్తూ నిలబడింది.

బండి కదిలింది. పార్కు మలుపు దాటి, చెట్ల వెనక కాసేపు చప్పుడు మాత్రం వినిపించి, అదీ పోయింది. జనం ఇళ్లకు వెళ్లిపోయారు. మేమిద్దరం మిగిలాం.

"అక్కా" అంది.

ఆసుపత్రి తర్వాత ఆ పిలుపు వినడం అదే మొదలు. నేనేమీ అనకుండా ఊరుకున్నాను. నాకది ఎంత కష్టమో ఆవిడకు తెలుసు.

"నువ్వు చెప్పకపోతే నేను పోయేదాన్ని. ఆయన ఇక్కడే ఉండేవారు."

"అవును."

"రెండిట్లో ఏది బాగుండేదో నేనింకా తేల్చుకోలేదు."

"తేల్చుకో" అన్నాను. "తొందరేముంది."

ఆవిడ కాసేపు ఖాళీ అయిన చోటును చూసింది. ముక్కు తుడుచుకుంది. చీపురు తీసుకుంది.

"తేల్చుకునేదాకా కాస్త పక్కకి జరుగు. ఆకుల మీద నిలబడ్డావు."

జరిగాను.